పడవలో పోసిన వాకిలి మట్టి

నా చిన్నప్పుడు మా లంకలో కడుపుతో ఉన్న ఆడది ఏడో నెల దాటాక ఏరు దాటకూడదని ఒక నియమం ఉండేది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గోదావరి రెండు పాయల మధ్య ఉన్న ఊరు మాది. ఉప్పు కావాలన్నా, పెళ్ళికి పట్టుచీర కావాలన్నా పడవ ఎక్కవలసిందే. అలాంటి ఊళ్ళో ఏరు దాటకూడదంటే, ఏం జరిగినా ఇక్కడే జరగాలని అర్థం. నిండు చూలాలు కంటబడితే గంగమ్మ ఆ కడుపులో బిడ్డని తనకిమ్మని అడుగుతుందని మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ మాటకి మా ఇంట్లోనే కాదు, ఊళ్ళో సగం ఇళ్ళలో తిరుగులేదు.

మా నాయనమ్మ చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి. ఎందుకంటే మా ఇంట్లో పిల్లలకి ఈ సంగతి సగం చెప్పేసరికే ఆవిడ మీద పళ్ళు నూరడం మొదలుపెడతారు. ఆ కాలంలో పుట్టి, ఆ లంకలో పెరిగి ఉంటే తెలిసేది వాళ్ళకి. తన పెద్దవాళ్ళు చెప్పినదాన్ని తు.చ. తప్పకుండా చేస్తే పిల్లలు చల్లగా ఉంటారని నమ్మిన మనిషి ఆవిడ. అంతకు మించి పాపం ఏమీ ఎరగదు.

మా మేనత్త, అంటే నాయనమ్మకి ఒక్కగానొక్క కూతురు, తొలి కాన్పుకి ఐదో నెలలో పుట్టింటికి వచ్చింది. అప్పటికి అత్తకి పంతొమ్మిదేళ్ళు, నాకు ఏడు. నాయనమ్మ ఆమెను కంటికి రెప్పలా చూసుకుంది. పొద్దున్నే చిక్కటి పాలు, మధ్యాహ్నం పెసరపప్పు వేసి వండిన పొన్నగంటికూర, సాయంత్రం చక్రకేళీ పండు. తాతయ్య రావులపాలెం పంపడానికి అరటిగెలలు పడవకి ఎత్తించేటప్పుడు, అన్నిటిలోకీ మంచి గెల ఒకటి తీసి అత్త కోసం దూలానికి వేలాడదీసేవాడు. బొప్పాయికాయ, నువ్వులు మా గడప తొక్కలేదు. బిందె ఎత్తనిచ్చేది కాదు నాయనమ్మ. అలాగని కూర్చోనూ ఇచ్చేది కాదు. ఒళ్ళు కదలకపోతే కాన్పు కష్టమవుతుందని రెండు పూటలా కొబ్బరితోటలో నడిపించేది. తన పాత నేతచీరలు గంజి వదిలేదాకా ఉతికి, ఎండలో ఆరేసి, చింపి పొత్తిగుడ్డలు చేసింది. పసివాడి ఒంటికి ఎక్కడ గరుకు తగులుతుందోనని ఒక్కొక్క గుడ్డనీ తన చెంపకి రాసుకుని మరీ చూసేది.

ఎనిమిదో నెలలో అత్తకి కాళ్ళు వాచాయి. మెట్టెలు సబ్బునురగ రాసి తీయవలసి వచ్చింది. సీమంతానికి తొడిగిన గాజులు మణికట్టుకి బిగుసుకుపోయాయి. మొహం గుండ్రంగా, నిగనిగలాడుతూ తయారైంది. పుట్టింటి తిండికి ఒళ్ళు చేసిందని, చూలాలి కళ వచ్చేసిందని చూసినవాళ్ళందరూ మురిసిపోయారు. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. నాకైతే ఆ కాళ్ళు ఒక ఆట. మోకాలి కింద వేలితో నొక్కితే తడి ఇసకలో పడినట్టు గుంట పడి, కాసేపు అలాగే ఉండేది. నేను వరసగా గుంటలు పెట్టి, వామనగుంటలు ఆడుకుందాం రమ్మనేదాన్ని. "చింతపిక్కలు ఏవే మరి?" అని నవ్వేది అత్త.

తర్వాత తలనొప్పి మొదలైంది. నాయనమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. తగ్గలేదు. కళ్ళ ముందు మిణుగురుపురుగులు తిరుగుతున్నట్టు ఉందని అత్త అంది. ఒకరోజు భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూ, "అమ్మా, ఒక్కసారి రాజమండ్రి తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించరాదా" అని అడిగింది. మా నాన్న వెంటనే, రేపే పడవ మాట్లాడతానన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. నెలలు నిండుతున్నదాన్ని ఏరు దాటించి ఏదైనా అయితే ఎవరు పూచీ అంది. నీరు పట్టడం, తల నొయ్యడం అందరికీ ఉండేవే, తను నలుగురిని కనలేదా అంది. అత్త ఇంక అడగలేదు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఆడపిల్లలకి అలవాటు లేదు.

ఆ వారంలోనే గోదావరికి ఎర్రనీరు వచ్చింది. రేవులో పడవలు ఒడ్డుకి లాగి కట్టేశారు. రెండో రోజు మధ్యాహ్నం అత్తకి ఫిట్స్ వచ్చాయి. ఆ రోజుల్లో దాన్ని గుర్రపువాతం అనేవారు. మా నాన్న రేవుకి పరుగెత్తి పడవవాళ్ళ కాళ్ళు పట్టుకున్నాడట. ఆ ప్రవాహంలో ఎవరు మాత్రం వేస్తారు పడవ? నన్ను పక్కింటివాళ్ళు తీసుకుపోయి వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టారు. పొద్దుగూకేలోగా అత్తా పోయింది, బిడ్డా దక్కలేదు. ఇంతకంటే వివరంగా నేను ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేను.

ఆ తర్వాత మా ఇంట్లో అత్త పేరు ఎత్తేవాళ్ళు లేరు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని అందరికీ తెలుసు. మా నాన్న తల్లితో అవసరమైన మాట తప్ప మాట్లాడటం మానేశాడు. నాయనమ్మ ఏడవగా నేను చూడలేదు. నియమం విషయంలో మాత్రం ఇంకా గట్టిపడింది. ఎవరింట్లో కడుపుతో ఉన్న పిల్ల రేవు వైపు నడిచినా పిలిచి కోప్పడేది. అదేమిటో అప్పుడు నాకు తెలియలేదు. ఆ నియమమే తప్పని ఒప్పుకుంటే కూతురిని తన చేతులతో చంపుకున్నట్టే కదా. ఆవిడ దాన్ని వదిలి ఎలా బతుకుతుంది?

రెండేళ్ళకి మా అమ్మ కడుపుతో ఉంది. రెండో కాన్పు కాబట్టి అత్తవారింట్లోనే అనుకున్నారు. ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం అమ్మ వసారాలో పప్పు చెరుగుతూ కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను పక్కన చేరి, ఊరికే, ఏమీ తోచక, ఆవిడ కాలి మీద వేలితో నొక్కాను. గుంట పడింది. అలాగే ఉండిపోయింది. ఎదురుగా బియ్యంలో రాళ్ళు ఏరుతున్న నాయనమ్మ అది చూసింది. లేచి వచ్చి, తనూ ఒక వేలితో నొక్కింది. గుంట నిండేదాకా దాని వంక చూస్తూ ఉండిపోయింది. తల నొస్తోందా అని అడిగింది. రెండు రోజులనుంచి కొంచెంగా ఉందండి అంది అమ్మ.

"రేపు రాజమండ్రి వెళ్దాం" అంది నాయనమ్మ.

అమ్మ బెదిరిపోయింది. ఎంత చెప్పినా ససేమిరా అంది. "వద్దండి అత్తయ్యగారూ, బిడ్డకేమైనా అయితే ఈ ఊళ్ళో తలెత్తుకోగలనా" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆవిడ భయం ఆవిడది. కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ అత్తగారు నూరిపోసిన మాట, ఒక్క పూటలో ఆ అత్తగారే కాదంటే ఎలా నమ్ముతుంది? మా నాన్న బతిమాలాడు, అరిచాడు. అమ్మ గది గుమ్మం పట్టుకుని కదలలేదు. బయట గోదావరి రంగు మారుతోంది. ఇంకో నాలుగు రోజులు పోతే పడవలు ఉండవని ఇంట్లో అందరికీ తెలుసు. మళ్ళీ అదంతా జరగబోతోందని తొమ్మిదేళ్ళ పిల్లనైన నాకు కూడా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ వాకిలి ఊడవలేదు, కళ్ళాపి చల్లలేదు. పార తీసుకుని వాకిట్లో మట్టి తవ్వి గంపకి ఎత్తింది. తవ్వుతూనే, లోపలికి వినబడేటట్టు చెప్పింది. ఏళ్ళ కిందట తన అత్తగారు, అంటే మా తాతమ్మ, ఒక మాట చెప్పారట, తనే మర్చిపోయిందట. చూలాలు ఏరు దాటవలసి వస్తే ఇంటి వాకిలి మట్టి పడవలో పోసి, దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చాలట. "వాకిలి కాళ్ళకిందే ఉంటే గడప దాటనట్టేనమ్మా. దాటేది పడవ, నువ్వు కాదు" అంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిజంగా పెద్ద అత్తయ్యగారే చెప్పారా అని అడిగింది. నాయనమ్మ ఆవిడ కళ్ళలోకి చూసి, ఆవిడే చెప్పారంది. పోయిన పెద్దావిడ మాట కాబట్టి అమ్మ నమ్మింది.

నాయనమ్మ గంప నెత్తిన పెట్టుకుని రేవుకి నడిచింది. వెనక అమ్మా నాన్నా, వాళ్ళ వెనక నేనూ. రేవులో బట్టలు ఉతుక్కుంటున్న పెద్దావిడ ఒకామె, "ఏంటి వదినగారూ, ఊరందరిదీ ఒక దారైతే మీది ఇంకో దారా? కన్నకూతురికి లేని సడలింపు కోడలికి వచ్చిందే" అంది. ఆ మాట ఎవరికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నాయనమ్మ ఆగలేదు. గంప పడవలో గుమ్మరించి, చేత్తో చదును చేసి, అమ్మని చెయ్యి పట్టి ఎక్కించి, రెండు కాళ్ళూ ఆ మట్టి మీద పెట్టించింది. నన్ను ఒడిలో కూర్చోబెట్టుకుంది. అవతలి ఒడ్డు చేరేదాకా అమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

రాజమండ్రిలో డాక్టరమ్మ బీపీ చూసి, అప్పటికప్పుడు మంచం ఇచ్చింది. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని మా నాన్నని కోప్పడింది. మా నాన్న తల దించుకున్నాడు. అమ్మని ఎడమవైపు తిరిగి పడుకోమని, ఉప్పు తగ్గించమని చెప్పి, మందులు వేసి కాన్పు అయ్యేదాకా కదలనివ్వలేదు. తమ్ముడు కాస్త ముందుగా, పిడికెడంత పుట్టాడు. పుట్టి బతికాడు. అమ్మా బతికింది.

తర్వాత మా లంకలో అది ఆచారమైంది. ఏ నెలలోనైనా, ఏ చిన్న నలత చేసినా, వాకిలి మట్టి పడవలో పోసుకుని ఆడవాళ్ళు ఒడ్డు దాటడం మొదలుపెట్టారు. రేవులో దెప్పిన ఆ పెద్దావిడ కూడా తన కోడలికి గంప ఎత్తింది. ఇప్పుడైతే కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి ఆశా వర్కరు చూసుకుంటుంది, నెలనెలా బీపీ చూస్తారు, వరద వస్తుందంటే ఫోన్లు చేసి ముందే ఒడ్డుకి చేర్చేస్తారు. అయినా మొన్నటి వర్షాల్లో మా ఊరు వెళ్ళినప్పుడు, లైఫ్ జాకెట్ వేసుకున్న ఒక అమ్మాయి కాళ్ళ దగ్గర వాళ్ళ అత్తగారు గుప్పెడు మట్టి వేయడం చూశాను. ఎందుకని అడిగితే, మా పెద్దలనాటి ఆచారమండి అంది. నేను అవునమ్మా అన్నాను.

ఒక్క సంగతి మిగిలింది. అమ్మని ఆసుపత్రిలో చేర్చాక నాన్న అక్కడే ఉండిపోయాడు. నాయనమ్మ, నేను తిరిగి వచ్చాం. అదే పడవ. అడుగున మట్టి అలాగే ఉంది. పడవవాడు అది తోసేయబోతే, ఉండనీ బాబూ అంది నాయనమ్మ. ఆ మట్టి పక్కనే చతికిలబడింది. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు కదా, తాతమ్మ ఆ మాట నీకు ఎప్పుడు చెప్పిందని అడిగాను.

"మీ తాతమ్మ చెప్పలేదే. నేనే కల్పించాను" అంది.

మట్టిలో వేళ్ళు పెట్టి కదుపుతూ ఉంది. తర్వాత, నాతో కాదు, నీళ్ళతో చెప్పినట్టు అంది. "రెండేళ్ళ కిందట కూడా ఈ మట్టి మన వాకిట్లోనే ఉంది. ఈ అబద్ధమే నా నోటికి రాలేదు."

అప్పుడు ఏడ్చింది. గొంతెత్తి, కూతుర్ని పేరుపెట్టి పిలుస్తూ, నడి గోదావరిలో ఏడ్చింది. పడవవాడు మొహం అటు తిప్పుకున్నాడు. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ఉండిపోయాను. ఏడుస్తున్న పెద్దవాళ్ళని ఏం చేయాలో నాకు తెలియదు.

ఆ అబద్ధం సంగతి నేను అమ్మకి చెప్పలేదు. అమ్మ పోయేదాకా అది తాతమ్మ మాటే అనుకుంది. చిన్నప్పటినుంచీ అబద్ధం ఆడితే కళ్ళు పోతాయని అందరూ చెప్పారు నాకు. ఆ పడవ దిగాక నేను ఆ మాట నమ్మలేదు. ఆసుపత్రికి రానని మొండికేసిన కోడలిపిల్లలకి, పంపనని భీష్మించుకున్న అత్తగార్లకి ఈ వయసులో కూడా ఎన్ని కథలు చెప్పానో లెక్కలేదు. కలలో అమ్మవారు కనిపించిందన్నాను, మంగళవారం ఉత్తరం వైపు ప్రయాణం మంచిదన్నాను, ఏది వాళ్ళు నమ్ముతారనిపిస్తే అది అన్నాను. పొద్దున్నే దీపం పెట్టి అందరూ ఆయుష్షు అడుగుతారు, ఐశ్వర్యం అడుగుతారు. నేను మాత్రం, అవసరమైన వేళకి అబద్ధం నోటికి రావాలని అడుగుతాను.