అడిగే మొక్క, అడగని మొక్క

మా పక్కింటి బాలనర్సింహ గారు బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు టైంకీపరుగా పనిచేసి, పోయిన ఆషాఢంలో రిటైరయ్యారు. ఛత్రినాకలో మా ఇళ్లు ఎంత దగ్గరంటే, ఆయన తన మిద్దె మీద తుమ్మితే నేను మా మిద్దె మీద బట్టలు పక్కకు జరుపుకుంటాను. మధ్యలో నడుమెత్తు గోడ. ఏడాదిపాటు ఆ గోడ మీదుగా చూసిందే ఇప్పుడు చెప్తున్నాను.

ఏ బస్సు ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది, ఎన్ని నిమిషాలు లేటు. ముప్పై నాలుగేళ్లు ఆయన రాసింది ఇదే. డ్రైవరుకు జ్వరమా, కండక్టరు ఇంట్లో చావా అనే గడి ఆ రిజిస్టరులో లేదు కాబట్టి ఆయన బుర్రలోనూ లేదు. ఈ సంగతి నేను కనిపెట్టింది కాదు, ఆయనే మీసం దువ్వుకుంటూ చెప్పుకునేది.

రిటైరైన రోజు డిపోవాళ్లు శాలువా కప్పి, చేతిలో ఒక కుండీ పెట్టారు. అందులో ఎడారి గులాబీ. కందగడ్డలా ఉబ్బిన మొదలు, పైన నాలుగు కొమ్మలు, కొసలకు ముదురు గులాబీ రంగు పూలు. దాన్ని ఎంచి తెచ్చింది డానియేలు అనే మెకానిక్కు. “వచ్చే బోనాలకు మీ ఇంటికొస్త అన్నా, అప్పుడు చూస్త దీన్ని” అన్నాడట. ఇక అది మొక్క కాదు, ఆయన సర్వీసు రికార్డు. డానియేలు వచ్చేనాటికి అది నిండా పూసి ఉండాలి, ఆ కబురు డిపోకు చేరాలి. పెన్షన్ కాగితాల కోసం కూడా ఆయన అంత ఫికరు పడలేదు.

ఆ మిద్దె మీద అంతకుముందే ఒక మందారం ఉంది. అది ఆయన భార్య కృష్ణమ్మ చిన్నమ్మది. హుస్సేనీ ఆలంలో ఉండే చెల్లెలింటి నుంచి కొమ్మ తెచ్చి పాత నూనె డబ్బాలో గుచ్చింది. పొద్దున అమ్మవారి పటానికి దాని పూలే. మిద్దె మీద పొద్దంతా ఎండ తగిలే మూల ఒక్కటే ఉంది. బాలనర్సింహ గారు అక్కడున్న ఆ డబ్బాను కాలితో నీళ్ల ట్యాంకు వెనక్కి నెట్టి, ఎడారి గులాబీని పీట మీద కూర్చోబెట్టారు.

నేను బళ్లో సైన్సు చెప్తాను. రెండు మొక్కల గురించీ నాకు తెలిసింది ఇక్కడ చెప్పేస్తాను, ఆయనకు చెప్పబోతే వినలేదు కాబట్టి. మందారానికి రోజూ అన్నీ కావాలి. ఎండాకాలం ఒక్కపూట నీళ్లు తప్పితే ఆకులు వేలాడేసి, మొగ్గలు రాల్చి అలుగుతుంది. బలమైన మట్టి కావాలి, ఎరువు కావాలి, ఆకుల కింద పిండినల్లి పట్టిందేమోనని తిప్పి చూడాలి, కొమ్మలు కత్తిరిస్తే తప్ప కొత్త చిగురు, కొత్త పువ్వు రావు. ఇంతా చేస్తే ఆ పువ్వు ఒక్కరోజే, సాయంత్రానికి చుట్టుకుపోతుంది. ఎడారి గులాబీకి ఇవేవీ అక్కర్లేదు. తన నీళ్లు తన ఉబ్బిన మొదల్లోనే దాచుకుంటుంది. ఇసుక కలిసిన మట్టి, ఎర్రటి ఎండ చాలు. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయాలి, వానాకాలం చూరు కిందికి జరపాలి. పువ్వు వారం రోజులుంటుంది. దాన్ని చంపాలంటే ఒకటే మార్గం, బాగా చూసుకోవడం.

బాలనర్సింహ గారు ఆ మార్గమే పట్టారు.

మా గల్లీలో నల్లా దినం తప్పించి దినం వస్తుంది. కొత్త నీళ్లు వచ్చే ముందు డ్రమ్ముల్లోని పాత నీళ్లు పారబోయాలి. తాగే నీళ్లు కావు, వాసన లేదు, అయినా పాతవి ఉంచుకుంటే ఇంటికే తలవంపులన్నట్టు అందరం పారబోస్తాం. ఎండాకాలం కరువని ఏడ్చేదీ మేమే. ఆయనకు అవి పారబోయడానికి మనసొప్పలేదు, అది మెచ్చుకోవలసిందే. నల్లా వచ్చిన ప్రతిసారీ రెండు బకెట్లు పైకి మోసి, రెండూ ఎడారి గులాబీకే పోసేవారు. ట్యాంకు వెనక నాలుకల్లా ఆకులు వేలాడేసుకున్న మందారానికి ఒక చెంబు కూడా లేదు.

“కాకా, దానికి అన్ని నీళ్లు పొయ్యొద్దు. మొదలు కుళ్లుతది” అన్నాను.

“నువ్వు ఏ డిపోల సర్వీసు చేసినవమ్మా?” అన్నారు.

నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా వేసింది. చూద్దాం, ఎంతవరకు పోతుందో అనుకున్నాను.

చలికాలంలో అది ఆకులు రాల్చింది. చలికి రాల్చడం దాని అలవాటు. ఆయన అది ఆకలి అనుకుని పేడ ఎరువు వేశారు, మజ్జిగ పోశారు. ఎండాకాలంలో ఎలాగో చిగురించి, రెండు పూలు కూడా పూసింది. ఆ రెండు పూలనూ పదిహేను వైపుల నుంచి ఫొటో తీసి డిపో గ్రూపులో పెట్టారు. తొలకరి పడ్డాక ఆకులు పసుపు పచ్చనయ్యాయి. దాహమనుకుని మూడో బకెట్ మోశారు.

ఇంతలో కృష్ణమ్మ చిన్నమ్మ, ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు, మందారం డబ్బాను మెల్లగా మెట్ల దగ్గరికి జరిపింది, అక్కడ పొద్దుటి ఎండ తగులుతుంది. బియ్యం కడిగిన నీళ్లు పోసేది, పిండినల్లిని చీపురు పుల్లతో గీకేది. మోకాళ్ల నొప్పులతో రోజూ మెట్లెక్కి ఇదంతా చేసేది. మెట్ల దగ్గర ఒక మందారం ఉందన్న సంగతి కూడా ఆయన గమనించలేదు.

బోనాల ఆదివారం రానే వచ్చింది. తెల్లారి ఆయన ఎడారి గులాబీ మొదలు పట్టుకుని చూస్తే వేళ్లు లోపలికి దిగాయి. మెత్తగా, గోధుమ రంగు రసం. ఒక కొమ్మ చేతికే వచ్చింది. గోడవతల నుంచి చూశాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఆయన చేతిలో కుళ్లిన వాసన కొడుతోంది. నాకు నవ్వు రావాలి, రాలేదు.

అయినా టైంకీపరు గదా, రికార్డు దిద్దడం తెలుసు. మొక్కను కర్రతో నిలబెట్టి, అప్పుడే కంటబడ్డ మెట్ల దగ్గరి మందారానికి పూసిన అయిదు పూలూ తెంపుకొచ్చి, తెల్ల దారంతో ఎడారి గులాబీ కొమ్మలకు కట్టారు. ఆ అయిదు పూలు చిన్నమ్మ అమ్మవారి కోసం నాలుగు రోజులుగా మొగ్గ మొగ్గా లెక్కపెట్టుకుంటున్నవి. ఆమె పైకొచ్చి చూసింది. పూలు లేకుండానే, వేపాకు పెట్టి బోనమెత్తుకుని పోయింది. ఆ రోజు నేను ఆయన్ను క్షమించలేదు.

పదకొండింటికి వస్తానన్న డానియేలు సాయంత్రం అయిదింటికి వచ్చాడు. గల్లీల నిండా జనం, డప్పులు, ఆటో దొరకలేదట. పదకొండింటికైతే మోసం నిలబడేదేమో. అయిదింటికి మందారాలు పిండిన గుడ్డల్లా చుట్టుకుపోయి దారాలకు వేలాడుతున్నాయి.

మిద్దె మీదే మటన్, బగారన్నం వడ్డించారు. నన్నూ పిలిచారు. డానియేలు మొక్క దగ్గరికి పోయి, దారం పట్టుకుని లాగి చూశాడు.

“సచ్చిపోయింది గదన్నా ఇది” అన్నాడు.

“మస్తు నీళ్లు పోసిన. దినం తప్పించి దినం రెండు బకెట్లు. మనిషి చేసేదానికంటె ఎక్కువనే చేసిన” అన్నారు బాలనర్సింహ గారు.

“గదే గదా ఖరాబు.” డానియేలు మంచివాడు, తాను చెప్పేది దెబ్బ అని కూడా తెలియనంత మంచివాడు. “నర్సరీ ఆయన మాకు రెండు చూపిచ్చిండు. ఒకటి మందారం, ఒకటి ఇది. మందారం రోజూ నీళ్లడుగుతది, ఎరువడుగుతది అన్నడు. ఇదైతే ఎవ్వల్నీ ఏం అడుగదు, దాని దిక్కు చూడకున్నా బతుకుతది అన్నడు. గప్పుడు మేమందరం, మన టైంకీపరన్నకు ఇదే కరెక్టు అనుకున్నం. ముప్పై నాలుగేండ్లల్ల నువ్వు మా అందర్ల ఒక్కన్నన్న తిన్నవారా అని అడిగినవా అన్నా? నాకైతే ఎర్కలే. అలవాటు లేనోనికి మందారం ఎందుకిచ్చుడు అని ఇది తెచ్చినం.”

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. డానియేలు నవ్వి చిన్నమ్మ వైపు తిరిగాడు.

“నిన్నన్న అడుగుతుండెనా వదినా?”

“నన్ను అడుగుడెందుకయ్యా” అంటూ ఆమె అతని పళ్లెంలో ఇంకో రెండు ముక్కలు వేసింది. “నేను గూడ అడుగకున్నా బతికేదాన్నే గదా. గట్లనే అనుకున్నరు గీ ఇంట్ల.”

డానియేలు వెళ్లిపోయాక నేను మా మిద్దె మీదికొచ్చి బట్టలు తీస్తున్నాను. అవతల చిన్నమ్మ గిన్నెలు సర్దుతోంది. అప్పటిదాకా ఆమె తినలేదు. బాలనర్సింహ గారు గోడకానుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత, రిజిస్టరులో కొత్త గడి గీస్తున్నంత కష్టంగా, అడిగారు.

“తిన్నవా?”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన మొహం చూసింది, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత గోడ దగ్గరికి గబగబా వచ్చి, ఆయనకు వినబడకుండా నాతో అన్నది.

“అమలా, జర మీ డాక్టరు నంబరియ్యి బిడ్డా. మీ కాకకు ఏమో అయితున్నది.”