మూసీ మీద పడ్డ నీడ

దయ్యాలూ మహిమలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఏళ్ల తరబడి డార్క్‌రూములో ఒక్కణ్ణే పనిచేసినవాణ్ణి. చీకటికి భయపడితే ఫిల్ములు కడగడం కుదరదు. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాలి.

అరవైల్లో మా అక్క యశోద ఆబిడ్స్‌లో ఒక మేడమీది గదిలో ఫోటో స్టూడియో నడిపేది. అప్పట్లో ఆడమనిషి కెమెరా పట్టుకోవడమే వింత. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు కూడా ఆమె దగ్గర నిశ్చింతగా ఫోటోలు దిగేవాళ్లు. నాకు పని నేర్పింది ఆమే.

అక్కకు పారే నీళ్లంటే పిచ్చి. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే నీళ్లు ఫోటోలో పట్టుదారాల్లా పడతాయి. కానీ వెలుతురు కూడా ఎక్కువై బొమ్మ తెల్లగా మాడిపోతుంది. "ఎండల తీస్తే సున్నం కొట్టిన గోడ తీరు వస్తది తమ్మీ. లెన్సు కంత చిన్నగ చెయ్యాలె, మబ్బు కొరకు ఆగాలె" అనేది. ఒక్క మబ్బు కోసం పూటంతా గొడుగు కింద కూర్చునేది. అంత ఓపిక నేను మరొకరిలో చూడలేదు.

ఒక వానాకాలం కడుపులో పుండు పగిలి, అక్కను నాంపల్లిలో ఒక దవాఖానలో చేర్చాం. సరిగ్గా అప్పుడే మూసీ నిండుగా వచ్చింది. ఆమె ఏళ్లుగా ఎదురుచూసిన నీళ్లు. ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్నా పోయి తియ్యి. నేను లేచినంక చూస్త" అంది. లేస్తుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోయారు.

మర్నాటికి కూడా ఆమెకు తెలివి రాలేదు. బావను దగ్గర కూర్చోబెట్టి, కెమెరా, స్టాండు పట్టుకుని అఫ్జల్‌గంజ్ దగ్గరి వంతెన మీదికి వెళ్లాను. ముసురుంది కదా అని బయలుదేరితే, అన్నీ సర్దుకునేసరికి ఫెళ్లున ఎండ కాసింది. లెన్సు కంతను ఎంత చిన్నది చేసినా లాభం లేదని తెలుసు. ఆగుదామంటే నీళ్లు తగ్గుముఖం పట్టాయి. ఫిల్ములో ఒక్క బొమ్మే మిగిలింది. ఇక తప్పదని షట్టర్ తెరిచాను.

అప్పుడు నీళ్ల మీద నీడ పడింది.

మబ్బనుకున్నాను. తలెత్తితే సూర్యుడు నిండుగా ఉన్నాడు. నా చేతుల మీద ఎండ, అవతలి ఒడ్డు మీద ఎండ. నా కెమెరా ముందున్న నీళ్ల మేరకే నీడ. షట్టర్ మూయగానే అదీ పోయింది. పక్కన మక్కకంకులు కాల్చే ముసలమ్మ విసనకర్ర ఆపి, "ఏంది బిడ్డా, గా నీడ?" అని అడిగింది. ఆమె కూడా చూసింది కాబట్టే నా కళ్లను నేను నమ్మాను.

సాయంత్రం ఫిల్ము కడిగి బొమ్మ వేశాను. అవతలి ఒడ్డు, నేననుకున్నట్టే, తెల్లగా మాడిపోయింది. నీళ్లు మాత్రం పోగు పోగునా కనిపించాయి. అంత అందమైన బొమ్మ నా చేతుల మీదుగా అంతకుముందు రాలేదు.

దాన్ని తీసుకుని దవాఖానకు పరుగెత్తాను. బావ వరండాలోనే ఎదురొచ్చాడు.

"మీ అక్క మత్తులనే చెయ్యి పైకెత్తిందిరా. ఎండకు అడ్డం పెట్టినట్టు. దించుదామంటె దిగలే. జరసేపైనంక దానంతటదే దించింది."

"ఎప్పుడు బావా?"

"ముసురు తెరిపిచ్చి ఎండ కొట్టింది చూడు, గప్పుడే."

నీడ సంగతి ఆయనకూ చెప్పలేదు.

కొన్నాళ్లకు అక్క లేచి కూర్చుంది. బొమ్మ చేతికిస్తే కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది.

"మస్తుగ వచ్చింది. కానీ జల్ది మూసినవ్ తమ్మీ. ఇంక జరసేపు ఆగేదుండె. నాకు చెయ్యేం నొస్తలేకుండె."

"ఏ చెయ్యి అక్కా?" అన్నాను.

ఆమె నా మొహంలోకి అయోమయంగా చూసింది. తానేమన్నదో ఆమెకే తెలియలేదు.

తర్వాత ఏళ్ల తరబడి అక్క స్టూడియో నడిపింది. నేనూ వేల బొమ్మలు కడిగాను. నాకు తెలిసిన పని ప్రకారం అంత ఎండలో ఆ నీళ్లు అట్లా పడటానికి వీల్లేదు. కానీ పడ్డాయి.