సింగిడికి పిలిచే పెద్దమ్మ

ఆ మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో ఉండగా అమ్మ నుంచి రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. బయటికి వచ్చి ఫోన్ చూసుకున్నాను. అమ్మకి తిరిగి చేయకుండా కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం వంక చూశాను. ఎండ మండిపోతోంది, మబ్బు తునక లేదు. మా ఇంట్లో రెండు మిస్డ్ కాల్స్‌కి ఒకటే అర్థం: పైన ఏదో ఉంది, డాబా ఎక్కి రమ్మని. ఎంత వెతికినా ఏమీ కనిపించక అప్పుడు ఫోన్ చేశాను.

"పెద్దమ్మగారు పోయారే," అంది అమ్మ. "అన్నం తిని నడుం వాల్చారట. మరి లేవలేదు."

పెద్దమ్మ మా ఇంటి ఓనరు. చైతన్యపురి మెయిన్ రోడ్డు వెనక సందులో ఇల్లు. కింది వాటాలో కోచింగ్‌కి వచ్చిన అమ్మాయిలు, మధ్యలో మేము, పైన ఆమె. వాళ్లది నల్గొండ పల్లె, మాది కృష్ణా జిల్లా. నేను బడికెళ్లే వయసులో ఆ ఇంట్లో దిగాం. అద్దెకున్నవాళ్ల పిల్ల ఓనర్ని పెద్దమ్మా అని పిలవడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు.

వాన వెలిసి ఎండ తగిలిందంటే ఆమె ఫోన్ పట్టుకుని ఇంట్లో అందరికీ రెండేసి మిస్డ్ కాల్స్ ఇచ్చేవారు. ఎత్తితే తిట్లే. "ఎత్తి ముచ్చట వెడితే సింగిడి ఆగుతదా? ఉరికి రావాలె గని!" సింగిడంటే ఇంద్రధనుస్సని నాకు తెలిసింది ఆమె డాబా మీదే. ఇప్పటికీ నాకు నోటికొచ్చేది ఆ మాటే.

సింగిడి ఒక్కటే కాదు. చంద్రుడి చుట్టూ వెలుగు వలయంలా వరదగుడి కట్టినా పిలుపే. మబ్బు అంచు వెలిగితే "మబ్బుకు జరీ కుట్టిండ్రు," అనేవారు. మబ్బు సందుల్లోంచి కిరణాలు దిగితే "సూర్యుడు నిచ్చెన ఏసిండు." ఈ జరీ, ఈ నిచ్చెన ఆమె సొంతంగా పెట్టుకున్న పేర్లు. జోస్యాలు మాత్రం కుదిరేవి కావు. ఒక వేసవిలో వరదగుడి చూసి, రేపు వాన ఖాయం, వడియాలు పెట్టొద్దని అమ్మని ఆపేశారు. వరసగా మూడు రోజులు నిప్పులు చెరిగిన ఎండ.

"అక్కగారూ, ఏదీ మీ వాన?" అని అమ్మ నిలదీసింది.

"నీకు చెప్పిన గని, వానకు చెప్పుడు మర్చిపోయినమ్మా," అన్నారు పెద్దమ్మ.

ఇన్నేళ్లలో అమ్మ మాత్రం ఒక్కసారీ పైకి రాలేదు. "ఏడు రంగులు చూస్తే నా కూర మాడకుండా ఉంటుందా?" అనేది. పెద్దమ్మ అలిగేవారు కాదు. ఆ తర్వాతి సింగిడికి మళ్లీ అమ్మకి రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చేవారు.

నేను ఒక చోట కుదురుగా ఉండే రకం కాదు. ఇంజనీరింగ్ కోచింగ్ మధ్యలో మానేసి డిగ్రీలో చేరాను. ఉద్యోగాలు ఎన్ని మారానో అమ్మ లెక్క మానేసింది. డాబా మీద కూడా ఫోన్‌లో ఫొటో తీసుకుని వెంటనే దిగిపోబోతే పెద్దమ్మ రెక్క పట్టుకుని ఆపేవారు. "నీ కాళ్లల్ల చక్రాలున్నయా పిల్లా? జర నిలబడు. పొద్దుకు వీపు వెట్టు. వాన దిక్కు మొకం వెట్టు. ఇగ చూడు." ఆ చెయ్యి వదిలేదాకా నిలబడేదాన్ని. రంగులు ఒక్కొక్కటే పలచబడి పోయేవి. ఆఖరికి వంగపండు రంగు ఉందో లేదో తేలక ఇద్దరం వాదించుకునేవాళ్లం.

మా వైపు వానలు ఎక్కువగా సాయంత్రాలే కాబట్టి సింగిడి తూర్పునే పడుతుంది. ఆ తూర్పున ఉన్న పెంకుటిల్లు అమ్ముడుపోయి అపార్ట్‌మెంట్ లేవడం మొదలైంది. "ఇంకో స్లాబ్ వడ్డది," అని నాకు ప్రతిసారీ చెప్పేవారు. చివరికి రంగు కూడా వేయని సిమెంటు గోడ మా డాబాని మించి పైకి పోయింది. దాని వంక చూస్తూ, "తూర్పు పోయింది బిడ్డా," అన్నారు, బంధువు పోయినట్టు. ఆ వానాకాలమంతా నా ఫోన్ మోగలేదు. వాన వెలిసిన సాయంత్రాల్లో అది పట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక ఆమెని మెట్రో ఎక్కించి ఎల్బీ నగర్ తీసుకెళ్లాను. అక్కడితో లైన్ అయిపోతుంది. ప్లాట్‌ఫారం చివర నిలబడితే విజయవాడ రోడ్డు మీదుగా చాలా ఆకాశం కనిపిస్తుంది. పెద్ద అంబర్‌పేట్ వైపు వాన నల్లగా దిగుతోంది. మా వెనక ఎండ ఉంది. ఇద్దరం వీపులు ఎండకి పెట్టి నిలబడ్డాం. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. సెక్యూరిటీ అతను వచ్చాడు.

"అమ్మా, గిట్ల నిలబడొద్దు. బండి ఎక్కుర్రి."

"సింగిడి రాని బిడ్డా, ఎక్కుత."

అతను కూడా కాసేపు అటే చూశాడు. "ఏది, కనవడ్తలేదు?"

కనబడలేదు. ఎండ మబ్బులోకి పోయింది, అంతే. తిరుగు రైల్లో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె మోకాళ్లు రాసుకుంటూ, "కనవడకపోతే ఏమాయె? చూసినం గదా," అన్నారు. మేమిద్దరం కలిసి ఆకాశం చూడటం అదే ఆఖరు.

పెద్దకర్మ రోజు సాయంత్రం చుట్టాలు భోంచేసి చేతులు కడుక్కుంటున్నారు. ఎవరో మోటర్ వేసి మరిచిపోయారు. పెద్దమ్మ ఉండగా ఆ ఇంట్లో ఎన్నడూ ట్యాంక్ పొర్లలేదు. నిండకముందే ఆమె కేక మెట్లు దిగి వచ్చేది. మా కిటికీ ముందు నీళ్లు ధారగా పడుతుంటే పైకి పరిగెత్తాను.

ట్యాంక్ గొట్టంలోంచి దూకుతున్న నీళ్లని గాలి తుంపర్లు చేస్తోంది. పడమటి ఎండ నా వీపు మీద ఉంది. ఎదురుగా ఆ సిమెంటు గోడ. దాని ముందు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో, చిన్న సింగిడి.

అమ్మకి రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చాను.

వడ్డన తడి చేతులతోనే అమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "ఏదే?" అని ఆకాశమంతా వెతికింది. నేనేమీ చెప్పకముందే ఆగి, ఒక్క క్షణం ఆలోచించి, "వీపు ఎండకి పెట్టాలి కదూ?" అని తిరిగింది. గోడ ముందున్న రంగుల్లోకి తడి చెయ్యి చాపింది.

కింద నుంచి ఎవరో అరిచారు. "మోటర్ ఎవలేసిండ్రు? బంద్ చేయుర్రి!"

అమ్మ పిట్టగోడ మీదికి వంగి, "ఒక్క నిమిషం ఆగండీ!" అని కేకేసింది. వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. గాలి తిరిగినప్పుడల్లా ఆ రంగులు చెదిరి, మళ్లీ గోడ ముందుకు వచ్చి నిలుస్తున్నాయి.