మబ్బుల ముందు అప్పలసూరి

2014 ఆగస్టులో నన్ను సాలూరు పైనున్న ఘాట్‌రోడ్డు మీద డ్యూటీకి వేశారు. ప్రభుత్వ చిత్ర విభాగంలో నేను సీనియర్ కెమెరామన్‌ని. లోయలోంచి మబ్బులు లేవడం, వాన వెలిశాక అడవి ఆవిరి కక్కడం టైమ్‌ల్యాప్స్‌లో తీయాలి. పైవారి షరతు ఒక్కటే: ఫ్రేములో మనిషి జాడ ఉండకూడదు. వారం రోజులు వాన కురిసి, అసలేమీ కనబడలేదు గనుక షరతుకు భంగం రాలేదు.

ఈ పద్ధతిలో కెమెరాను కదలకుండా బిగించి ఐదు సెకన్లకో ఫ్రేము తీస్తాం. మూడు గంటల మబ్బులు ఒకటిన్నర నిమిషంలో పరుగెడతాయి. దారిన పోయేవాడు తళుక్కుమని మాయమవుతాడనీ, కదలనిదే తెరమీద నిలుస్తుందనీ మా జీపు డ్రైవరు అప్పలసూరికి వివరించింది నేనే. అతను మహా శ్రద్ధగా విన్నాడు. కారణం తర్వాత తెలిసింది. ఆమదాలవలసలో బియ్యం కొట్టున్న అతని బావ, ప్రతి పెళ్లిలోనూ పదిమంది ముందు ఇదే అడుగుతాడట: "ఇన్నేళ్లు సినిమావోళ్లని మోసినావు, ఒక్కపాలైనా తెర మీద అగుపడ్డావేట్రా?"

చివరి రోజు వాన ఆగింది. మర్నాడే తిరుగు ప్రయాణం. కెమెరా నడుస్తుండగా మంచు కిందికి జారింది. ఎడమ పక్క బండమీద అప్పలసూరి కూర్చుని ఉన్నాడు. వేసుకున్నది ఇస్త్రీ చొక్కాయే గానీ, చలికి తలదాకా బూడిదరంగు కంబళి కప్పుకున్నాడు. మధ్యలో లేపితే షాటు రెండు ముక్కలు. కనుక అతను కదలకూడదని నేనే మొక్కుకోవలసి వచ్చింది.

అంతలో ఎండ పడింది. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు కొండలన్నీ ఒక్కసారిగా ఆవిర్లు కక్కాయి. నా సర్వీసంతటిలో గంతులు వేయాలనిపించింది ఆ పొద్దుటే. ట్రైపాడ్ అదురుతుందని వేయలేదు. అప్పలసూరి జేబులో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. అతను కదల్లేదు. ఒక కాకి వచ్చి అతని తలమీద స్థిరపడింది. అప్పుడూ కదల్లేదు.

కెమెరా ఆపాక, బిగుసుకుపోయిన పెదవులతోనే అడిగాడు: "బాబూ, నానగుపడ్డానా?"

బాగా అగుపడ్డావన్నాను.

పై అధికారి షాటు చూసి, మనిషి జాడ లేనందుకు సంతోషించారు. ఎడమ పక్క బండను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మబ్బుల ఉరవడికి అది నిలకడ తెచ్చిందట. నేను విభేదించలేదు.

అప్పలసూరి దాన్ని ఫోన్లో బావకు చూపించాడు. ఆయన మూడుసార్లు తిప్పి చూసి అన్నాడట: "కాకి అగుపడతంది గానీ, నువ్వేడ్రా?"

తర్వాతి టైమ్‌ల్యాప్స్ డ్యూటీకి అప్పలసూరి ఎర్ర దుప్పటితో వచ్చాడు. ఫ్రేము సరిచూసుకునే ముందు డ్రైవరు దుప్పటి చూసుకోవాలని నేను నేర్చుకున్నాను.