చప్పుళ్లన్నీ పైకొచ్చిన సాయంత్రం

నాటక బృందంలో అందరూ ఆమెను చప్పుళ్లక్క అనేవారు. వాన, రైలు, కుక్క మొరుగుడు, తలుపు కిర్రుమనడం, ఏది కావాలన్నా మైకు పట్టుకుని బయల్దేరేది. ప్రెషర్ కుక్కర్ ముందు కూర్చుని ఓడ కూత పుట్టించిన ఘనురాలు. వాటిని కంప్యూటర్లో సర్దింది మాత్రం ఆమె భర్త అన్నగారు. ఆయనకు సర్దడమంటే ప్రాణం. ఫోల్డర్లో ఫోల్డరు, దానిలో మరొకటి పెట్టి, ఇక వెతుక్కునే బాధే లేదన్నాడు.

ఆ సాయంత్రం కొత్త నాటకం. మధ్యాహ్నం హాల్లోని ప్లేయరు మూగబోయింది. అద్దెకు తెచ్చినదానికి పెన్‌డ్రైవులో పైనున్న ఫైళ్లే కనబడతాయి. లోపలి ఫోల్డర్లలోకి తొంగి కూడా చూడదు. చప్పుళ్లక్క పెన్‌డ్రైవును ల్యాప్‌టాప్‌కు తగిలించి ఒక్కొక్కటే బయటికి లాగడం మొదలుపెట్టింది. ఎంతకీ వానలే తరగలేదు. దర్శకుడు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

కంప్యూటర్ సర్వర్ల దగ్గర పనిచేసే చెల్లెలికి ఫోన్ చేసింది.

"మౌసు వదిలెయ్యక్కా. టైపు చేసే ఆ నల్ల కిటికీ తెరువు," అంది చెల్లెలు.

ఎంత లోతునున్నా ఫైళ్లను పట్టుకునే కమాండ్ 'ఫైండ్', పైకి చేర్చేది 'ఎంవీ' అని, రెండూ కలిపి ఒక్క వరుసలో అక్షరం అక్షరం రాయించింది. ఎంటర్ నొక్కబోయి అక్క ఆగిపోయింది.

"ఒసేయ్, బావగారు ప్రతి ఫోల్డర్లోనూ ఒకటి, రెండు అనే పేర్లే పెట్టారే. ఒకే పేరువి రెండొస్తే?"

"ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. అడిగి బతికించావు."

చెల్లెలు ముందు అన్నిటికీ నకలు తీయించింది. ఒక్కో ఫైలు ఏయే ఫోల్డర్లలో ఉందో వాటి పేర్లన్నీ దాని పేరు ముందు తగిలేలా, రాసిన వరుసను మార్పించింది. అక్క ఎంటర్ నొక్కింది. తెర ఉలకలేదు, పలకలేదు.

"ఏమీ అనట్లేదే!"

"ఏమీ అనలేదంటే అయిపోయినట్టేనక్కా. తెరిచి చూడు."

తెరిచింది. రేకుల మీద వాన ఒకటి, ఆకుల మీద వాన ఒకటి, వంతెన మీద రైలు రెండు... అన్నీ పైనే, ఒక్కటీ పోకుండా. పెన్‌డ్రైవు తీసుకుని మెట్ల మీదుగా పరుగెత్తింది. ప్లేయరులో పెట్టగానే హాలంతా ఉరిమింది. దర్శకుడు కుర్చీలో కూలబడి నవ్వేశాడు. నాటకం అనుకున్న వేళకే మొదలైంది.

మర్నాడు పొద్దున్నే ఆమె చెల్లెలి ఇంటి తలుపు తట్టింది. చంకలో ల్యాప్‌టాప్. ఇంకేం కమాండ్లున్నాయో అన్నీ చెబితే గానీ కదలనంది.