దవాఖానకు తొవ్వ

నా చిన్నప్పుడు మా ధూల్‌పేట్ గల్లీలల్ల ఎవరికి జొరమొచ్చినా పురానాపూల్ దాటి అవతలి దవాఖానకు పోవాల్సిందే. తమ్మున్ని భుజాన వేసుకొని మా అమ్మ ఆ వంతెన మీద ఎన్నిసార్లు ఉరికిందో. అందుకే మా బస్తీకి సర్కారు దవాఖాన మంజూరైందన్న కబురు రాంగనే ఇంటింటా సంబురమైంది.

జాగ నేనిస్తనని మా బస్తీ సేఠ్ ముందుకొచ్చిండు. ఆయనది పెద్ద దేవిడీ. చుట్టూ ఎత్తు గోడ, లోపలికి పోను ముందు రెండు తలుపుల ఇనుప గేటొక్కటే. ఇంటి వెనుక ఖాళీగున్న జాగను ఉత్తగనే ఇస్తనన్నడు. వచ్చే ఎలక్షన్ల నిలబడతడని అందరికీ తెలుసు. అయినా పెద్దోళ్లంతా ఆయనను దేవుడన్నరు. నాకైతే కాలు ఒక్కకాడ నిలువలే. గేటు సందులకెళ్లి లోపలి ఫౌంటెన్‌ను చూసుడే తప్ప లోపల అడుగు పెట్టింది లేదు. ఇగ ఆ ఫౌంటెన్ పక్కనుంచే దవాఖానకు పోవచ్చని మస్తు ఖుషీ అయిన.

మా బాపమ్మ ఒక్కతే ముఖం ముడుచుకున్నది. మా నాయనను కన్న ఆ ముసలామె నాలుగు బర్లతోని సంసారం ఈడ్చింది. ఆ దేవిడీకి పొద్దుగాల పాలు పోసేది ఆమెనే. ఎందుకట్ల ముఖం పెట్టినవని నేను అడిగితే, "ఏలెటోడు ముందు జాగ పట్టుకుంటడు బిడ్డా, గోడలు తర్వాత లేపుతడు" అన్నది. ఆ మాట నాకు సమజ్ కాలే.

జాగ కొలువ ఇంజనీర్ వచ్చిన దినం బాపమ్మ నాకు ఎర్ర దుప్పటి చుట్టింది. ఎండాకాలం. ఎందుకని అడిగితే, ఇయాల నువ్వు జొరమొచ్చిన పిల్లవు, నవ్వినవంటే పని చెడ్తదని చెవిల చెప్పింది. అప్పటిదాక నాకు ఎవరూ అంత పెద్ద పని అప్పజెప్పలే.

ఇంజనీర్ సారు చెప్పిన టైముకంటే ముందే వచ్చి, గల్లీ మూలన హోటల్ల చాయ్ తాగుతుండు. బక్క మనిషి, సాదా అంగి. బాపమ్మ ఆయన దగ్గరికి పోయి, జీపుల పోతే తొవ్వ తెలువది, నాతోని నడిచి రా సారూ, చూపిస్త అన్నది. ఆయన నవ్వి, జీపు అక్కడ్నే వదిలి మా ఎంట వచ్చిండు.

గేటు కాడ దర్బాన్ మమ్మల్ని ఆపిండు. పాలు పొద్దుగాలనే పోసినవ్ గద, మళ్లేందని గద్దించిండు. పిల్లకు జొరం, దవాఖాన వచ్చే జాగ ఒకసారి చూసిపోత అన్నది బాపమ్మ. వెనుకున్న సారును అతను పట్టించుకోలే.

"సేఠ్ నాష్టా చేస్తుండు. ఆయనకు సలాం కొట్టి, హుకుం అయితేనే లోపలికి. రేపు దవాఖాన వచ్చినా గిదే కాయిదా, ఎవరైనా గిట్లనే ఆగాలె" అన్నడు.

ఎండల నిలబడ్డం. దుప్పట్ల చెమట కారుతుంటే నేను మూలుగుతున్న. నటించుడు మొదలుపెట్టిన గని, జర సేపటికి నా కళ్లు నిజంగనే తిరిగినయ్. సారు గడియారం చూస్కుంటుండు, నా ముఖం చూస్తుండు, తనెవరో మాత్రం చెప్తలేడు.

చాన సేపటికి సేఠ్ వరండాలకు వచ్చిండు. సారును గుర్తుపట్టి చెప్పులు గూడ లేకుంట ఉరికొచ్చిండు. గేటు రెండు తలుపులూ తెరుచుకున్నయ్. అప్పుడు బాపమ్మ మెల్లగ అడిగింది:

"నువ్వున్నవని తలుపులు తీసిన్రు సారూ. రేపు మేమొక్కలమే వస్తే తీస్తరా?"

సారు గేటు దాటలే. ఈ బస్తీల వేరే జాగ ఉన్నదా అని అడిగిండు. లేదని సేఠ్ అనేలోపే, ఉన్నదన్నది బాపమ్మ. మూడు గల్లీలు కలిసేకాడ సర్కారు జాగ ఉన్నది, నా బర్లు కట్టేసేది అక్కడనే అన్నది. నేను జొరం సంగతి మరిచి దుప్పటి విసిరేసిన. మా బర్ల జాగనా? ఇంట్ల మా నాయనకు గూడ చెప్పలే ఆమె. మరి బర్లను ఏడికి తోల్కపోతవని సారు అడిగిండు.

"బర్లకు నాలుగు కాళ్లున్నయ్, ఏడికైన నడుస్తయ్. జొరమొచ్చిన పిల్ల నడువది."

పని అంత తొందరగ కాలే. సేఠ్ పెద్ద పెద్దోళ్లకాడికి తిరిగిండు. ఆయనను దేవుడన్నోళ్లే మెల్లగ మా ఇంటికొచ్చి, బర్ల జాగలనే కట్టాలన్న అర్జీ మీద వేలిముద్రలు వేసిన్రు. సారు తను చూసింది చూసినట్టు రాసిండట. ఆఖరికి దవాఖాన మూడు గల్లీల కాడనే లేచింది. మూసీ ఒడ్డున దొరికిన ఇరుకు జాగల నాలుగు బర్లు పట్టక రెండింటిని అమ్ముకున్నం. మా నాయన కొన్నాళ్లు బాపమ్మతోని మాట్లాడలే. ఆమె బాధపడ్డది గని పశ్చాత్తాపపడలే.

ప్రారంభం నాడు గోడకు బిగించిన రాయి మీద, అప్పటికే ఎలక్షన్ల గెలిచిన సేఠ్ పేరే ఉన్నది. నాకు ఏడుపొచ్చింది. బాపమ్మ నవ్వి, "పేరు ఆయనదే ఉండనియ్, తొవ్వ మనది" అన్నది. అప్పుడే ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకొని, ఎవరినీ అడగకుంట, ఎవరికీ సలాం కొట్టకుంట, సక్కగ లోపలికి పోయింది.

ఇప్పుడు నేను సంతోష్‌నగర్‌ల ఉంటున్న. మోకాళ్లు పట్టుకుపోయినయ్. మొన్న కాలనీ మీటింగుల కమ్యూనిటీ హాలు మాట వచ్చింది. ఎన్ని అంతస్తులు, ఏం రంగు అని లొల్లి నడుస్తున్నది. కాలనీ పెద్దమనిషి మాత్రం ముందు పరిచిన నక్షల తన ఇంటి పక్క జాగ మీద వేలు పెట్టి కూసున్నడు. నేను కర్ర ఊతంగ లేచి, ముందు అందరం అక్కడిదాక ఒకసారి నడిచొద్దాం పాండ్రి అన్న.