మామయ్యను అడగని ప్రశ్న

మా మేనత్త పనిచేసే మసాజ్ గదిలో కిటికీకి ఎప్పుడూ మందపాటి తెర వేసి ఉంటుంది. బయట బోర్డు మీద అరోమాథెరపీ అని పెద్దగా రాశారు. అత్త మాత్రం దాన్ని వైద్యం అనదు. నూనె వాసనకి రోగం తగ్గదు, మనసు కాస్త తేలికపడుతుంది, అంతేనని వచ్చినవాళ్ల మొహం మీదే చెప్పేస్తుంది. యజమానికి అది కడుపుమంట.

నిమ్మతొక్క పిండి తీసిన నూనె దగ్గర అత్త మరీ చాదస్తం. నల్లసీసాలో పోసి ఫ్రిజ్‌లో అడుగున పెడుతుంది. వాసన ఘాటెక్కితే పాతబడిందని పారేస్తుంది. ఉత్తది ఎవరి ఒంటికీ తగలనివ్వదు, బాదం నూనెలో చుక్కలు కలిపే రాస్తుంది. రాసేముందు అందరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది: ఇవాళగానీ రేపుగానీ ఎండలోకి వెళ్తారా? వెళ్తామంటే ఒంటికి రాయదు. దూదిమీద రెండు చుక్కలు వేసి తలవైపు పెడుతుంది. ఆ నూనె పడిన చోట ఎండ తగిలితే చర్మం కాలిపోతుందని ఆమె భయం. ఒక లావుపాటి ఆయన, ఎండే నన్ను చూసి పారిపోతుందమ్మా అన్నాడట. అయినా ఆయనకి దూదే దక్కింది.

మామయ్య బస్సు డ్రైవరు. జీవితమంతా కిటికీలోంచి ఎండ తిని, ఆయన కుడిచేయి ఎడమచేతికన్నా రెండింతలు నలుపు. గుండె బలహీనపడి ఆసుపత్రిలో చేరి, తిరిగొచ్చాక మంచం దిగలేదు. ఇంటికి పంపేముందే ఆసుపత్రి వరండాలో డాక్టరు అత్తని పక్కకి పిలిచి మాట్లాడాడు. ఇక లేవడన్నాడు. ఆ మాట అత్త నాకు చెప్పింది, ఆయనకి చెప్పలేదు. చదువు మానేసి వాళ్లింట్లోనే తిని తిరుగుతున్న నాకు నోరు ఆగదని తెలిసి, నా చేత ఒట్టు కూడా వేయించుకుంది. అప్పట్నించి ఇంట్లో అందరం ఆ ఒక్కమాట చుట్టూ అడుగులో అడుగేసుకుంటూ తిరిగాం.

అత్త పని నుంచి రాగానే నిమ్మ చుక్కలు వేసిన దూది మామయ్య దిండు పక్కన పెట్టేది. ఒక సాయంత్రం ఆయన దూది వద్దన్నాడు. చేతులు కొయ్యబారిపోయాయి, అందరికీ రాసినట్టు నాకూ రాయి అన్నాడు. అత్త నూనె కలిపి రెండు చేతులకీ రాసింది. వాసన రావట్లేదని ఆయన సణిగితే ఇంకొన్ని చుక్కలు వేసింది. ఏ ప్రశ్నా అడగలేదు. అది నాకూ తట్టలేదు.

మర్నాడు అత్త పనికి వెళ్లింది, నేను నా తిరుగుడుకి వెళ్లాను. మామయ్యకి ఒళ్లు తేలిగ్గా అనిపించింది. గోడ పట్టుకుని లేచాడు. తలుపు తీసుకుని వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నేను మధ్యాహ్నం వచ్చేసరికి చొక్కా చేతులు పైకి మడిచి, ఎండలో రాజులా కూర్చుని ఉన్నాడు.

"మీ అత్తకి చెప్పకు. వచ్చి చూడనీ" అన్నాడు.

అత్త వచ్చి చూసింది. ఆమె మొహంలో సంతోషం సగం వరకే వచ్చి ఆగిపోయింది. అప్పటికే ఆయన చేతులు ఎర్రగా కంది మండుతున్నాయి. సబ్బుతో కడిగి తడిగుడ్డ వేసింది. తెల్లారేసరికి బొబ్బలు లేచాయి. వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మ మలాం రాసిచ్చింది. మచ్చలు చాన్నాళ్లు ఉంటాయంది.

ఇంటికొచ్చి అత్త ఆ మలాం రాస్తుండగా మామయ్య నెమ్మదిగా అడిగాడు. "నీ దగ్గరికొచ్చే ప్రతివాళ్లనీ ఎండలోకి వెళ్తారా అని అడుగుతావు కదా?"

అత్త బొబ్బల చుట్టూ మలాం రాస్తూనే ఉంది.

"నన్ను అడగలేదేం?"

"మర్చిపోయానండీ."

"నువ్వా? నువ్వు మర్చిపోయే మనిషివి కాదే. డాక్టరు నీతో ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"అంటే చాలానే అన్నాడన్నమాట" అన్నాడాయన. తర్వాత చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "పోన్లే, ఇన్నాళ్లకి ఎడమది కుడిదానికి జత కుదిరింది."

ఎవరం నవ్వలేదు. అత్త మలాం మూత పెట్టడానికి చాలాసేపు తంటాలు పడింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం దూది పెడుతూ ఆమె తప్పకుండా అడిగేది, రేపు ఎండలోకి వెళ్తారా అని. డ్యూటీ పడితే వెళ్తానులే అనేవాడు. డ్యూటీ మళ్లీ పడలేదు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. బొబ్బల మచ్చలు అప్పటికింకా తగ్గలేదు. పోయింది గుండెవల్లే, నూనెవల్ల కాదని డాక్టరు చెప్పాడు. అత్త వింది, తల ఊపింది. అది ఆమెకీ తెలుసు. ఆమెని తినేస్తున్నది నూనె కాదు.

ఇప్పుడు అత్త మళ్లీ పనికి వెళ్తోంది. మొన్న ఆమెకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను. గుమ్మం దగ్గర ఒకామె తన అత్తగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. నిమ్మనూనె ఒంటికే రాయమంది.

"ఈవిడ తన కాళ్లమీద గడప దాటి ఏడాదైందండీ. ఎండ భయమేం లేదు."

అత్త ఆ ముసలావిడ మొహంలోకి చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. సీసా మూత తీసి, దూదిమీద రెండు చుక్కలు వేసింది.

"రేపు దాటుతారేమోనమ్మా" అంది.